మన మేనేజర్

ఇడ్లీ పాత్ర మూత తీయగానే లేచిన ఆవిరిలో తీతు తల మాయమైపోయింది. కాసేపు మెడ దాకా చొక్కా, దాని మీద ఒక తెల్ల మబ్బు, అంతే. ఆ మబ్బులోంచి "అండాలూ, చట్నీ గిన్నె ఇటు జరుపు" అని మాట వచ్చింది. ఆ మూత తీసినప్పుడల్లా దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో కళ్లద్దాల వాళ్లందరూ అద్దాలు తీసి తుడుచుకుంటారని హాస్టల్ పిల్లలు చెప్పుకునేవారు. మరీ అంత కాకపోయినా, వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్ బోర్డు మీది ఫస్టు ర్యాంకు పిల్ల మాత్రం రోజూ పొద్దున కాసేపు ముఖం లేకుండానే నవ్వేది.

మబ్బు విడిపోయాక తీతు బయటపడ్డాడు. పొట్టి మనిషి. అరవై దాటిన ఒళ్లు. పొయ్యి ముందు ఏళ్ల తరబడి నిలబడి ముందుకు వంగిపోయిన భుజాలు. నూనె చిట్లిన మచ్చలతో ముంజేతులు చింతపండు తొనల్లా ఉంటాయి. వాటి మీదికి ఎప్పుడూ ఫుల్ చేతుల చొక్కా. వంటింట్లో మోచేతి దాకా మడుస్తాడు, పిల్లలు తినే గదిలోకి పోయేముందు దించి మణికట్టు దగ్గర గుండీ పెడతాడు. కుడిచెవి బాగా పనిచేస్తుంది. ఎడమచెవి ఒకసారి పెద్ద కుక్కర్ పేలినప్పుడు దాంతోపాటే పోయింది. ఆ కుక్కర్ మూత ఎగిరి కొత్తపేట రైతుబజారులో టమాటాల బుట్ట మీద పడిందని, దాన్ని తెచ్చుకోవడానికి పోయి, పనిలో పనిగా టమాటాలు కూడా బేరమాడి తెచ్చానని ఆయనే చెప్పేవాడు. నమ్మనివాళ్లకు సొట్ట పడ్డ మూత చూపించేవాడు.

హాస్టల్లో అందరూ ఆయన్ని మేనేజర్ సాబ్ అంటారు. వండేదీ ఆయనే, వడ్డించేదీ ఆయనే అయినా పిలుపు మాత్రం మేనేజర్ సాబ్. హాస్టల్ పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి కొడుకుని చేర్పించడానికి వచ్చి, గదులు చూసి, బాత్రూములు చూసి, చివరికి వంటింటి గుమ్మంలో ఆగి, "వంట ఎవరిదండీ? ఏమిటోళ్లు?" అని అడిగాడు. హాస్టల్ యజమాని చక్రపాణి తెనాలి వైపు మనిషి, మాటకారి. గరిట పట్టుకుని నిలబడ్డ తీతును ఒకసారి చూసి, "వంటవాళ్లు వేరే ఉన్నారండీ. ఈయన మేనేజరు" అనేశాడు. గరిట పట్టిన మేనేజర్‌ను చూసి ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడో గానీ, కొడుకుని చేర్పించి వెళ్లిపోయాడు. వేరే వంటవాళ్లు ఆ రోజూ లేరు, ఆ తర్వాతా రాలేదు. మర్నాడు చక్రపాణి ఫుల్ చేతుల చొక్కా ఒకటి కొనిచ్చి, "గరిట లోపల పెట్టి బయటికి రావయ్యా తీతూ" అని నవ్వాడు.

తీతు పుట్టింది నకిరేకల్ దగ్గర ఊళ్లో, ఊరికి అవతల ఉన్న వాడలో. పెళ్లిళ్లకు కట్టెలు కొట్టనిచ్చారు, గాడిపొయ్యి తవ్వనిచ్చారు, గిన్నెలో గరిట మాత్రం పెట్టనివ్వలేదు. అందుకని ఆ మేనేజర్ పేరు మొదట్లో దుప్పటి కప్పుకుని దాక్కున్నట్టు ఉండేది. తర్వాత్తర్వాత పిల్లలు వేళ్లు నాకుతూ "మేనేజర్ సాబ్, సాంబార్" అని కేకలేస్తుంటే, ఆ పేరు ఒంటికి పట్టింది. భార్య రెబెక్క బతికున్నన్నాళ్లూ చర్చిలో పక్కవాళ్లకు "మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌ల మేనేజరు" అనే చెప్పింది. అయినా లోపల ఒక మూల ఒక పురుగు ఉండేది. ఎప్పుడో ఒకనాడు ఎవడో ఒకడు వచ్చి, నువ్వు మేనేజర్‌వి కావు కదా అంటాడని.

ఇక పిల్లల క్లబ్ సంగతి. ఇంగ్లండ్‌లో ఎక్కడో ఎర్ర చొక్కాలేసుకుని ఫుట్‌బాల్ ఆడే క్లబ్ ఒకటి ఉంది. ఈ హాస్టల్లో ఎవడూ ఆ ఊరు చూడలేదు. సూర్యాపేట నుంచి వచ్చి కానిస్టేబుల్ పరీక్షకు చదివే యోగేందర్‌కి ఆ ఊరి పేరు సరిగా పలకడం కూడా రాదు. దేవరకొండ జాషువా బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పాడు గానీ ఆ క్లబ్ ఆటగాళ్ల పేర్లలో ఒక్కటీ తప్పడు. ఒకే సెల్‌ఫోన్ చుట్టూ పదిమంది మూగి ఆట చూస్తారు. గెలిస్తే "మనం గెలిచినం" అంటారు. ఓడితే మర్నాడు ఇడ్లీలు మిగిలిపోతాయి. వాళ్ల నోట ఆ క్లబ్ ఎప్పుడూ "మన క్లబ్". అక్కడి మేనేజర్, నెత్తి నెరిసిన పెద్దాయన, "మన మేనేజర్". కోపమొస్తే "మన ముసలోడు".

ఆ సోమవారం ఇడ్లీలు మిగిలాయి. మన క్లబ్ మళ్లీ ఓడింది. ముసలోణ్ని తీసేస్తారని పొద్దున్నే సెల్‌ఫోన్లలో వార్త వచ్చింది. తినే గదిలో పళ్లేల కన్నా మాటలే ఎక్కువ చప్పుడు చేస్తున్నాయి. వంటింటికీ ఆ గదికీ మధ్య ఒక చిన్న కిటికీ. ఇవతల తీతు, పక్కనే రుబ్బుతున్న గ్రైండర్. కాబట్టి ఆయన కుడిచెవికి మాటలు తునకలు తునకలుగానే చేరాయి.

"మన మేనేజర్ పని ఖతం రా," అంటున్నాడు జాషువా. "ఇయ్యాలో రేపో ఇంటికి పంపిస్తరంట."

తీతు చేతిలో చట్నీ గరిట ఆగింది.

గ్రైండర్ గర్రుమంది. మళ్లీ జాషువా గొంతే. "...ఎండకాలంల కొన్నయన్ని పుచ్చులే. ఒక్కటన్న పనికొచ్చిందా?"

వాడు అన్నది క్లబ్ కొన్న కొత్త ఆటగాళ్లను. తీతుకు గుర్తొచ్చింది నిన్నటి వంకాయలు. చూపు తగ్గాక ఆయన కొన్న వంకాయల్లో సగం లోపల పురుగులే ఉంటున్నాయి.

"నాలుగు, మూడు, మూడు వెట్టురా నాయినా అని లోకమంత మొత్తుకుంటున్నది. ఈయన ఐదు, మూడు, రెండు ఇడువడు. మొండోడు!"

మైదానంలో ఆటగాళ్లను నిలబెట్టే లెక్క అది. తీతుకు తెలిసిన లెక్క వేరు. హాస్టల్లో పొద్దున ఐదు ఇడ్లీలు, పగలు మూడు గరిటెల అన్నం, రాత్రి రెండు చపాతీలు. మనసులోనే తిప్పి చూసుకున్నాడు. నాలుగు, మూడు, మూడు. పొద్దున ఒక ఇడ్లీ తగ్గించి, రాత్రి ఒక చపాతీ పెంచమంటున్నారు. న్యాయమే. చదువుకునే పిల్లలు, రాత్రి పూట ఆకలవుతుంది. అడిగితే చేయనన్నాడా?

"ముసలోణ్ని ఏమన్న అంటే బాగుండది," యోగేందర్ గొంతు లేచింది. "ఆయన లేకుంటే మనం ఈడిదాక ఒస్తుంటిమా?"

"సెంటిమెంటుతోని కడుపు నిండదు మామా. అసలు ఆయన మేనేజరే కాదు. పేరుకే. లోపల నడిపిచ్చేటోళ్లు వేరే ఉన్నరు."

గ్రైండర్ ఆగిపోయింది. రుబ్బడం అయిపోయిందని అండాలమ్మే ఆపింది. ఆ నిశ్శబ్దంలో తీతు కుడిచెవిలో ఆ ఒక్క మాటే మిగిలింది. పేరుకే. ఇన్నేళ్లు లోపల నిద్రపోయిన పురుగు కళ్లు తెరిచింది.

"మరి ఎవర్ని వెట్టాలె?" అని ఎవడో అడిగాడు.

"ఇంకెవడు, బట్టతలాయనే!"

అది ఎక్కడో వేరే దేశంలో వేరే క్లబ్‌ను నడిపించే బట్టతల మనిషి. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో, ఆ సందులో, ఎదురు హాస్టల్లో కొండల్ అనే వంటమనిషి ఉన్నాడు. అతని తల మీద నేరుగా దోసె పోసుకోవచ్చు, నూనె కూడా అక్కర్లేదు. తీతు సందు వైపు కిటికీలోంచి ఎదురు మేడ వైపు చూశాడు. కొండల్ డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్నాడు. ఎండలో ఆ తల మెరుస్తున్నది.

చట్నీ గరిట గిన్నెలో జారిపోయింది.

"ఏమైందన్నా?" అంది అండాలమ్మ. గిన్నెలు కడిగి, కూరగాయలు తరిగే మనిషి. ఆమె నోట్లో పడ్డ మాట, ఆమె కొత్తపేటలో ఆటో దిగేలోపు ఎల్బీనగర్ చేరుతుందంటారు.

"ఏం లేదు, చెయ్యి జారింది." తీతు వాము నోట్లో వేసుకుని నమిలాడు. రెండు రోజులుగా రొమ్ములో బరువుగా ఉంది. గ్యాస్ అనుకుంటున్నాడు. "అండాలూ, ఒక మాట. నా వంటల ఉప్పు ఎక్కువైతున్నదా ఈ మద్దె?"

అండాలమ్మ సొరకాయ చెక్కు తీస్తూ తల ఎత్తలేదు. "ఉప్పా? మొన్న నువ్వు పాయసంల ఏసినవ్ గద. పిల్లలు సాంబార్ అనుకోని తాగిండ్రు."

ఆమెకు అది రోజూ ఆడే ఆట. రోజూ అయితే తీతు కూడా, నీ నాలుక మీదనే ఉప్పు గని ఉన్నదని ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు అనలేదు. నిజంగానే వేశానేమో అని గుర్తు తెచ్చుకోబోయాడు. గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే ఆయనకు సాక్ష్యమైంది.

మధ్యాహ్నం పప్పు కోసం యోగేందర్ కిటికీ దగ్గరికి వచ్చాడు. బక్కపలచటి పొడుగు పిల్లవాడు, రెండోసారి అడగాలంటే సిగ్గుపడతాడు. పొద్దున తన పక్షాన మాట్లాడింది వీడొక్కడే అని తీతుకు వాడి మీద మనసు కరిగి ఉంది. చేతుల గుండీలు పెట్టుకుని, కుడిచెవి కిటికీ వైపు తిప్పాడు.

"ఏం యోగేందరూ, పొద్దున మస్తు గట్టిగ మాట్లాడుకుంటుండ్రు."

యోగేందర్ నవ్వాడు. "మేనేజర్ లొల్లి సాబ్. నీకు గూడ ఇనవడ్డదా?"

"ఒక చెవికి ఇనవడ్డది. ఎవర్ననుకున్నరు మరి?"

మేనేజర్ సాబ్ తమ ఆట సంగతి అడగడం అదే మొదలు. యోగేందర్‌కి సంబరమైంది. మోచేతులు కిటికీ గట్టు మీద ఆనించాడు. "బట్టతలాయననే సాబ్. నేను ఒద్దన్న గని, చేతులెత్తుమంటే అందరు ఆయన దిక్కే ఎత్తిండ్రు."

"మంచోడేనా?"

"గట్టోడు సాబ్. ఎవ్వర్ని ఊకె కూసోనియ్యడు. పోయినకాడల్ల గెలిపిచ్చిండు."

కొండల్ ఎవరిని గెలిపించాడా అని తీతు ఆలోచించాడు. ఎదురు హాస్టల్లో పోయినేడు ఇద్దరికి గవర్నమెంటు ఉద్యోగాలొచ్చాయి. కొండల్ చేతి వంటే తిన్నారు కదా. అదీ నిజమే.

"మరి ముసలాయన సంగతేంది?" అన్నాడు.

యోగేందర్ నవ్వు ఆపేశాడు. "ఆయనంటె నాకు పానం సాబ్. కని అలిసిపోయిండు. మొఖం చూస్తెనే తెలుస్తున్నది. మెడవట్టి గెంటకముందే ఆయనంతట ఆయన గౌరవంగ పోతే మంచిగుంటది. మనం సప్పట్లు కొట్టి పంపిస్తం."

"గౌరవంగ," అన్నాడు తీతు.

"అవ్ సాబ్. చేసినకాడికి మస్తు చేసిండు. మాకు ఆయన మీద కోపమేం లేదు."

"కోపం లేకుంటె చాలు బిడ్డా."

తీతు పప్పు వేశాడు. ఇంకో గరిట వేశాడు. పళ్లెం నిండి అంచు మీది నుంచి కారుతున్నా ఇంకో గరిట వేశాడు. యోగేందర్ "చాలు సాబ్, చాలు!" అని పళ్లెం రెండు చేతులా పట్టుకుని గదిలోకి పోయి, అక్కడి నుంచే అరిచాడు.

"రేయ్! మేనేజర్ సాబ్ గూడ మన దిక్కేరా! మస్తు ఫీలైతుండు!"

క్లబ్‌కు కొత్త అభిమాని దొరికాడని పదిమందీ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. జాషువా పళ్లెం మీద గరిటతో దరువేశాడు. "మేనేజర్ సాబ్ బయటికి రావాలె!" అన్నారు ఎవరో.

తీతు తువ్వాలుతో ముఖం తుడుచుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఇంత తొందరగా చప్పట్లు కొట్టేస్తారని అనుకోలేదు. అయినా మాట ఇచ్చినట్టే కొట్టారు కదా అనుకున్నాడు. ఒక్కొక్క ముఖం చూశాడు. ఎవరి ముఖంలోనూ నిజంగానే కోపం లేదు. చేతులు జోడించి, సభలో పెద్దమనిషిలా అందరికీ తల వంచాడు. పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టి ఈలలు వేశారు. జాషువా లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. తీతు ఏదో అనబోయాడు. "తినుర్రి, సల్లారిపోతయ్" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయాడు.

మాపటేళ ఎండ తగ్గాక సందు దాటి కొండల్ దగ్గరికి పోయాడు. కొండల్ డాబా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇంకో గ్లాసులో సగం వంచి ఇచ్చాడు.

"కొండల్, చెప్తున్న, జర గుర్తువెట్టుకో," అని మొదలుపెట్టాడు తీతు. "జాషువా అని ఒక పిలగాడుంటడు. వంకాయ తింటే ఒళ్లంత గీరుకుంటడు. వానికి ఆలుగడ్డ వేరే ఎయ్యాలె. యోగేందర్ రెండోసారి అడగడు, మొదాలే ఎక్కువెయ్యి. గ్యాస్ పొయ్యి ఎడమ దిక్కుది సతాయిస్తది, మెల్లగ తిప్పాలె. అండాలమ్మ నోటికి జడవకు, మనిషి బంగారం."

కొండల్ తల గోక్కున్నాడు. "ఇవన్ని నాకెందుకు చెప్తున్నవన్నా? ఊరికి పోతున్నవా?"

"అట్లనే అనుకో."

"ఎన్ని రోజులు?"

"నువ్వు మంచిగ చూసుకున్నన్ని రోజులు."

కొండల్ పకపక నవ్వాడు. "ఏందన్నా, నన్ను మీ హాస్టల్‌కు గుంజుదామనా? మా సేటుకు తెలిస్తే నెత్తిమీదున్న ఈ నాలుగెంటికలు గూడ పీకుతడు!"

తెలిసీ తెలియనట్టు నటిస్తున్నాడు, పెద్దవాణ్ని పంపించి తాను రావడానికి సిగ్గుపడుతున్నాడు అనుకున్నాడు తీతు. మంచివాడే. పిల్లల ఎంపిక తప్పు కాదు. లేస్తూ కొండల్ నున్నటి తల మీద చెయ్యి పెట్టి, పెదాలు కదిలించి, ప్రార్థన చేశాడు. కొండల్ టీ గ్లాసు పట్టుకుని, తల కదపకుండా, ఆ చెయ్యి తీసేదాకా కూర్చున్నాడు.

హాస్టల్‌కు వచ్చి చక్రపాణికి ఫోన్ చేశాడు. అవతల బస్సుల హారన్లు.

"అయ్యా, తీతును. నేను పోదామనుకుంటున్న."

"ఎక్కడికయ్యా, రూబీ వాళ్లింటికా?"

రూబీ తీతు కూతురు. మన్సూరాబాద్‌లో ఉంటుంది. వేరే చోటేముంది గనక. "అవునయ్యా," అన్నాడు.

"వెళ్లవయ్యా, దానికి నన్నడగాలా? మొన్న రొమ్ములో ఏదో బరువుగా ఉందన్నావుగా. హాయిగా రెస్టు తీసుకో. ఇక్కడి సంగతి నే చూసుకుంటాలే."

తీతు ఫోన్ పెట్టేశాడు. చక్రపాణి ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అంటే ఆయనకూ ముందే తెలుసు. ఇక ఎవరికి చెప్పాలి? రెబెక్క ఉంటే ఆమెకు చెప్పడం కష్టమయ్యేది. ఆ ఒక్క కష్టం తప్పింది.

చపాతీలు తలకు మూడు చొప్పున చేశాడు. ప్రతి చపాతీ అరచేతుల్లో రెండుసార్లు తట్టి, అంచులు చూసి, పెనం మీద వేశాడు. రొమ్ములో బరువు ఎడమచేతిలోకి దిగుతుంటే కుడిచేత్తోనే తిప్పాడు. ఆలుగడ్డ కూరలో ఉప్పు వేసి, రుచి చూసి, అండాలమ్మను కూడా చూడమన్నాడు. ఆమె చూసి, "సరిపోయింది" అంది. ఈసారి ఎందుకో ఆట పట్టించలేదు.

పాలు గోరువెచ్చగా అయ్యేదాకా చిటికెన వేలు ముంచి ముంచి చూశాడు. చెంచాడు పాత పెరుగు చిలికి, తోడు వేసి, గిన్నె పక్క గట్టు మీద పెట్టి, పళ్లెం మూత పెట్టాడు. "తెల్లారేదాక దీన్ని కదిలియ్యకు అండాలూ. కదిలిస్తే నీరిడుస్తది." చొక్కా చేతులు దించి గుండీలు పెట్టుకున్నాడు. సంచిలో రెండు చొక్కాలు, బైబిలు, తువ్వాలు.

"ఎటు పోతున్నవ్ సంచితోని?"

"రూబీ తానికి. నేను పోత అండాలూ."

"నీ నోట్ల మన్ను వడ! పోత అనొద్దు, పోయొస్త అనాలె. ఇంత వయసొచ్చింది, తెల్వదా?"

తీతు నవ్వాడు గానీ మాట మార్చలేదు. గుమ్మం దాటుతుంటే తినే గదిలోంచి ఎవడో "అరే, ఇయ్యాల మూడు చపాతీలురా!" అని అరవడం వినపడింది. ఆగి విన్నాడు. యోగేందర్ గొంతు, "మూడు గాదు, ముప్పై పెట్టినా తింట" అంది. సంచి భుజం మార్చుకుని మెట్లు దిగాడు.

షేర్ ఆటోలో ఎల్బీనగర్ దాకా, అక్కడి నుంచి ఇంకో ఆటోలో మన్సూరాబాద్ దాకా. రూబీ వాళ్లది మేడ మీద ఒక గది, ఒక వంటిల్లు. నాయిన సంచితో రావడం చూసి ఆమె కంగారుపడింది.

"ఏమైంది నాయినా?"

"ఏం కాలే బిడ్డా. పని ఇడిసిపెట్టిన. పిల్లలు గౌరవంగ పంపిండ్రు. సప్పట్లు కొట్టిండ్రు."

"మంచిగైంది. ఎన్నేండ్లని పొయ్యి కాడ ఉడుకుతవ్? ఇగ నా తాన్నే ఉండు," అంది రూబీ. పళ్లెంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద చేతిలోనే ఉంచుకుని, "పప్పు మంచిగున్నది బిడ్డా, ఉప్పు సరిపోయింది" అన్నాడు. అలసటగా ఉందని తొందరగా పడుకున్నాడు, చొక్కా కూడా విప్పలేదు. పొద్దున రూబీ టీ గ్లాసు తెచ్చి లేపింది. గ్లాసు కింద పెట్టి మళ్లీ లేపింది. తీతు లేవలేదు.

హాస్టల్‌కు ఫోన్ వచ్చేటప్పటికి అండాలమ్మ ఇడ్లీ పాత్రలో నీళ్లు పోస్తున్నది. సందు మొత్తం వినపడేలా ఒక్క కేక వేసి, ఆ తర్వాత రోజంతా నోరు విప్పలేదు. పిల్లలు ఆటోల్లో ఇరుక్కుని మన్సూరాబాద్ పోయారు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, గోడ వారగా వరసగా నిలబడ్డారు. చక్రపాణి కూడా వచ్చి, మూలకు నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. చర్చివాళ్లు తెల్లటి గుడ్డ కప్పారు. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టే ఉన్నాయి.

రూబీ పిల్లల దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మీరేనా హాస్టల్ పిల్లలు? మా నాయిన రాత్రి మిమ్మల్నే తలుసుకున్నడు. మస్తు గౌరవంగ పంపిండ్రట గద. సప్పట్లు కొట్టిండ్రట. ఆ సంతోషంతోనే నిద్రవోయిండు. మీ రుణం తీరది."

జాషువా యోగేందర్ వైపు చూశాడు. చప్పట్లు కొట్టిన మాట నిజమే. పంపడమేమిటో ఇద్దరికీ అర్థం కాలేదు. ఏడుస్తున్న మనిషిని అడుగుతారా? యోగేందర్ తల ఊపి, "మన మేనేజర్ అక్కా ఆయన" అన్నాడు. గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా ఏడ్చాడు.

అప్పుడే పిల్లల జేబుల్లో సెల్‌ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి బుయ్‌మన్నాయి. సముద్రాల అవతల ముసలాయన వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చింది బట్టతలాయనే. ఆ వార్త చూడడానికి ఎవరూ జేబులో చెయ్యి పెట్టలేదు.

సాయంత్రం పాతిపెట్టి వచ్చేసరికి కొండల్ సందు దాటి వచ్చి, ఎవరూ పిలవకుండానే, అన్నం వండి పెట్టాడు. గ్యాస్ పొయ్యి ఎడమ వైపుది మెల్లగా తిప్పాడు. జాషువాకు వేరేగా ఆలుగడ్డ వేశాడు. యోగేందర్ పళ్లెంలో మొదటిసారే ఎక్కువ పెట్టాడు. నిన్న డాబా మీద అన్నకు ఇవన్నీ తనకే చెప్పాలని ఎందుకనిపించిందో వండుతున్నంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాడు. మనిషికి ముందే తెలుస్తుంది కాబోలు అనుకుని కళ్లు తుడుచుకున్నాడు. పిల్లలు తలలు వంచుకుని సగం తిని లేచారు. చివర్లో ఎవరో పెరుగు అడిగారు. కొండల్ గరిట తీసుకుని గట్టు దగ్గరికి పోయాడు. పళ్లెం మూత ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా పెట్టేశాడు.

ఆ మూత కింద, తీతు తోడు వేసిన పెరుగు అంచు నుంచి అంచు దాకా గట్టిగా, తెల్లగా, మీద సన్నటి మీగడతో, ఎక్కడా గరిట గీత పడకుండా తోడుకుని ఉంది.